స్కాన్ నార్మల్... తలనొప్పి మాత్రం అలాగే

తాండూరు, పరిగి వైపు నుంచి హైదరాబాద్ పెద్దాస్పత్రులకు వచ్చేవాళ్ల చేతిలో మందుల సంచీతో పాటు స్కానింగ్ సెంటర్ పేరున్న పెద్ద కవరు ఒకటి కనిపిస్తుంది. అందులో నల్లటి ఫిల్ము, దానికి పిన్ను కొట్టిన ఒక పేజీ రిపోర్టు. చాలాసార్లు దాని చివర ఉండే మాట ‘ప్లెయిన్ సీటీ బ్రెయిన్ - నార్మల్ స్టడీ’. ఆ మాట వింటే ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. తలలో ఏమీ లేదట! మరి వారం రోజులుగా మనిషి తల పట్టుకుని ఎందుకు కూర్చుంది, రాత్రి ఫిట్స్ ఎందుకొచ్చాయి అన్నది మాత్రం తేలదు.

ఇలా తేలకుండా మిగిలే జబ్బుల్లో ఒకటి మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం. డాక్టర్లు సీవీటీ అంటారు, కొందరు సీవీఎస్‌టీ అంటారు. పక్షవాతాలన్నిటిలో దీని వాటా నూటికి ఒకటి కూడా ఉండదని పాశ్చాత్య దేశాల లెక్క. నెదర్లాండ్స్‌లో ఏడాదికి లక్ష మందిలో ఒకరికో, ఇంకాస్త ఎక్కువ మందికో వస్తోందని 2012లో తేలింది. మన దేశంలో ఇంతకంటే ఎక్కువేనని నాడీ వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాటకు ఆధారం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు, పంజాగుట్ట నిమ్స్ దాకా వెళితే చాలు.

పక్షవాతం అనగానే అందరికీ తెలిసింది ధమని మూసుకుపోవడం. గుండె నుంచి మెదడుకు రక్తం తెచ్చే దారి అది. అక్కడ అడ్డు పడితే నిమిషాల్లో మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది. సిరల సంగతి వేరు. వాడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే దారులవి. మెదడు మీది చిన్న సిరలన్నీ పుర్రె లోపలి పొరల మధ్య ఉండే వెడల్పాటి కాలువల్లోకి చేరతాయి. నుదుటి వెనక మొదలై నడినెత్తి మీదుగా తల వెనక దాకా ఒకటి సాగుతుంది. అక్కడినుంచి కుడికీ ఎడమకీ చీలి, చెవుల వెనకగా వంపు తిరిగి మెడలోని పెద్ద సిరలోకి దిగుతుంది. ఈ దారిలో గడ్డ పడితే రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే వీలుండదు. అలుగు పూడిన చెరువులో వరద చేరినట్టు ఒత్తిడి గంటగంటకూ పెరుగుతుంది. మెదడు ఉబ్బుతుంది. ఒక దశ దాటాక ఆ ఒత్తిడికి చిన్న సిరలు చిట్లి మెదడులోకి రక్తం చిమ్ముతుంది. జబ్బు ఒక్క దెబ్బన పడేయకుండా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ముదరడానికి కారణం ఇదే. పక్కదారి పట్టడానికి కావలసినంత వ్యవధి దొరికేదీ ఇందువల్లే.

నిమ్స్ నాడీ వైద్య విభాగం 2002 నుంచి 2010 దాకా తమ దగ్గరికొచ్చిన ఈ రోగుల వివరాలను ఒక రిజిస్టరులో నమోదు చేసింది. డాక్టర్ సుభాష్ కౌల్, ఆయన సహచరులు 2012లో వాటిని ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో ప్రచురించారు. మొత్తం 428 మంది. సగటు వయసు 31 ఏళ్లు. పిల్లల బడి ఫీజుల గురించి, ఇంటి అప్పు గురించి ఆలోచించే వయసన్నమాట. అంతకుముందు దాకా మన వైద్య పుస్తకాల్లో ఇది బాలింతల జబ్బు. నిమ్స్ లెక్కలో మాత్రం సగానికి పైగా మగవాళ్లే. పాశ్చాత్య దేశాల్లో చూస్తే, 21 దేశాల నుంచి 624 మంది రోగులను గమనించి 2004లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. హైదరాబాద్ లెక్క తిరగబడటానికి కారణాలు ఆ రిజిస్టరులోనే ఉన్నాయి. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ పెరగడం, మద్యం. గర్భనిరోధక మాత్రలు, కాన్పు ఆ తర్వాతి వరుసలో వచ్చాయి.

హోమోసిస్టీన్ పేరు కొత్తగా అనిపించినా సంగతి తిండికి సంబంధించింది. బీ12, ఫోలేట్ విటమిన్లు చాలకపోతే ఈ పదార్థం రక్తంలో పేరుకుని గడ్డలకు దారి తీస్తుంది. పాలు, గుడ్లు, మాంసం అరుదుగా ముట్టేవాళ్లలో, ఏళ్ల తరబడి తాగుడు అలవాటున్నవాళ్లలో బీ12, ఫోలేట్ లోపం మామూలే. రక్తహీనత గురించి వేరే చెప్పాలా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ.

బాలింతల సంగతి మాత్రం పక్కన పెట్టే వీల్లేదు. కాన్పు సమయంలో ఎక్కువ రక్తం పోకుండా ఆడవాళ్ల ఒంట్లో గడ్డకట్టే గుణం దానంతటదే పెరుగుతుంది. ప్రసవమయ్యాక ఆరు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, అన్నంలో కారప్పొడి... వీటితో వచ్చే నష్టం పెద్దగా లేదు. చిక్కంతా నీళ్ల దగ్గరే. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే కడుపు పెరుగుతుందని, ఒళ్లు నీరు పడుతుందని గుక్కలు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వేసవిలో తాండూరు ఎండలు తెలిసిందే. పాలిచ్చే తల్లికి ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. పాత తరం వైద్యులు బాలింతల్లో ఈ జబ్బు ఎక్కువగా చూడటానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. అత్తగారో అమ్మమ్మో ప్రేమతోనే పెట్టిన నియమమది, కాదనలేం. అయినా చెంబు నీళ్లు చేతికివ్వడం అంతకంటే పెద్ద ప్రేమ.

పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సిజేరియన్ల శాతం 60.7. సిజేరియన్‌కు ముందు వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. దాని వల్ల కొందరికి తలనొప్పి వస్తుంది, అందులో ప్రమాదం తక్కువ. దానికొక గుర్తుంది. లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే హాయిగా ఉంటుంది. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. సిరల్లో గడ్డ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా దీనికి తలకిందులు. పడుకుంటే, దగ్గితే, ముక్కితే ఎక్కువవుతుంది. కాబట్టి మొదట పడుకుంటే తగ్గిన నొప్పి రెండు మూడు రోజులకు పడుకున్నా తగ్గడం లేదంటే ‘మత్తు సూది నొప్పే కదా’ అని ఊరుకోకూడదు. బాలింత దుప్పటి తీసి లేచి కూర్చుంటే హాయిగా ఉందా, పడుకుంటే హాయిగా ఉందా అని అడగడానికి యంత్రం అక్కర్లేదు, ఒక నర్సు చాలు. బాలింతకు ఫిట్స్ వస్తే మొదట గుర్తొచ్చేది బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం. అది నిజమే కావచ్చు. బీపీ అంతగా లేకపోయినా, కాన్పై వారం దాటాక ఫిట్స్ వచ్చినా సిరల వైపు చూడాలి.

ఇంకొక సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు. పెళ్లి ముహూర్తం, గృహప్రవేశం, అనంతగిరి జాతర, తిరుపతి ప్రయాణం... ఏదో ఒకటి అడ్డొచ్చిందని నెలసరి వాయిదాకు మాత్రలు వేసుకోవడం. చీటీ లేకుండానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు. చాలామందికి ఏమీ కాదు, అందుకే వాటి మీద భయం లేదు. వీటిలో ఎక్కువగా వాడే నోరెథిస్టిరాన్ ఒంట్లోకి వెళ్లాక కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. రక్తహీనత ఉన్న మనిషి, ఉపవాసం, నీళ్లు తాగని ప్రయాణం, పైన ఈ మాత్ర... నాలుగూ ఒకచోట కలిసిన రోజు ప్రమాదం. ఇరాన్‌లో రంజాన్ నెలంతా ఉపవాసం ఉండేందుకు గర్భనిరోధక మాత్రలు వేసుకున్న ఆడవాళ్లలో ఈ జబ్బును అక్కడి వైద్యులు గమనించి రాశారు. డాక్టరు ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అంటే మనవాళ్లు లేదనే అంటారు. నెలసరి మాత్రను మందుల లెక్కలో వేసుకోరు కాబట్టి ఆ మాత్ర పేరెత్తి అడగాల్సిందే.

మగవాళ్లలో ఎండ, చెమట, తాగుడు ఒకదానికొకటి తోడవుతాయి. నాపరాయి గనుల్లో మే నెల మధ్యాహ్నం పని ఎలా ఉంటుందో తాండూరులో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ మరో తికమక కూడా ఉంది. 2021 జనవరిలో తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లాలో కల్తీ కల్లు తాగి చాలామంది ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలపడం తెలంగాణలో కొత్త కాదు. వాటికి అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా అవి అందకపోతే ఫిట్స్ వస్తాయి. దాంతో ఈ ప్రాంతంలో తాగే అలవాటున్న మగమనిషికి ఫిట్స్ వస్తే ‘కల్లు బంద్ చేసిండు, అందుకే’ అని ఇంటివాళ్లే తేల్చేస్తారు. ఎక్కువసార్లు వాళ్ల మాటే నిజం. అయితే ఫిట్స్‌కు ముందు నాలుగైదు రోజులు తలనొప్పి ఉందా అన్న ప్రశ్న వేయకుండా ఆ తీర్పు రాయకూడదు.

లక్షణాల్లో మొదటిది, దాదాపు అందరిలో ఉండేది తలనొప్పి. పైన చెప్పిన 21 దేశాల అధ్యయనంలో సుమారు 89 శాతం మందికి ఉంది. చాలామందిలో రోజురోజుకూ పెరుగుతుంది. కొద్దిమందిలో పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా మొదలవుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లు ‘ఇది ఎప్పటి నొప్పిలా లేదు’ అంటే ఆ మాటకు విలువివ్వాలి. మాత్ర వేసుకున్నా, బామ్ రాసుకున్నా, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నా తగ్గదు. తర్వాత చూపు. లోపలి ఒత్తిడి కంటి నరం దాకా పాకి అది ఉబ్బుతుంది. వంగి లేచినప్పుడు క్షణం పాటు కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఒక మనిషి ఇద్దరుగా కనిపించవచ్చు. ఇలాంటివాళ్లు ముందు కళ్లజోడు దుకాణానికి వెళతారు. వెళ్లడం తప్పేమీ కాదు. కంటి డాక్టరు పాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూస్తే ఉబ్బిన నరం కనిపిస్తుంది. అక్కడినుంచి కథ సరైన దారిలో పడుతుంది.

ఫిట్స్ పది మందిలో నలుగురికి వస్తాయి. మామూలు పక్షవాతంలో ఇంతమందికి రావు. కాలో చెయ్యో పడిపోవడం, మాట తడబడటం గడ్డ పడిన చోటును బట్టి ఉంటుంది. నడినెత్తి మీది కాలువ పూడితే దెబ్బ మెదడుకు రెండు వైపులా తగలొచ్చు. ఈరోజు కుడికాలు, రేపు ఎడమకాలు బలహీనపడటం అలా జరుగుతుంది. ధమని పక్షవాతంలో ఇలాంటిది అరుదు. లోలోపలి సిరలు మూసుకుంటే మనిషి పరధ్యానంగా, తిక్కతిక్కగా మాట్లాడి, తర్వాత స్పృహ తప్పుతాడు. అప్పుడే గాలి సోకిందని, దిష్టి తగిలిందని తాయెత్తులు మొదలవుతాయి. ఎక్కువ సమయం చేజారేది ఇక్కడే.

ఇప్పుడు మళ్లీ ఆ కవరు సంగతి. సీటీ యంత్రం రక్తస్రావాన్ని చక్కగా పట్టేస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది, అందుబాటులో ఉంటుంది. ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలితే దానికి మించింది లేదు. సిరలో గడ్డను మాత్రం రంగు మందు లేకుండా తీసిన సీటీ సుమారు మూడో వంతు మందిలోనే చూపిస్తుంది. చూపినప్పుడు, మామూలుగా బూడిద రంగులో ఉండాల్సిన కాలువ తెల్లగా మెరుస్తుంది. అదీ నమ్మకంగా కాదు. ఒంట్లో నీరు బాగా తగ్గినవాళ్లలో గడ్డ లేకపోయినా కాలువ తెల్లగానే కనిపిస్తుంది, రక్తహీనత ఉంటే గడ్డ ఉన్నా అంత మెరవదు. తెలంగాణలో ఈ రెండూ మామూలే కదా.

సీటీలో గడ్డ నేరుగా కనబడకపోయినా దాని జాడలు కనబడొచ్చు. మెదడులో రక్తం చిమ్మిన మచ్చ ఉంటుంది, అది ఏ ధమని పరిధిలోనూ ఇమడదు. నడినెత్తికి రెండు పక్కలా ఉండొచ్చు, చెవి పైభాగాన ఉండొచ్చు. అనుభవమున్న రేడియాలజిస్టు అలాంటి మచ్చ చూడగానే సిరల దారిని వెతుకుతాడు.

చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి, అది సిరల్లోకి చేరే వేళకు సీటీ తీస్తే దాన్ని సీటీ వీనోగ్రామ్ అంటారు. తల వెనక భాగంలో ఆ పెద్ద కాలువను అడ్డంగా కోస్తే త్రికోణం. రంగు మందు చేరితే త్రికోణమంతా తెల్లబడాలి. గడ్డ ఉంటే అంచులు మాత్రమే వెలుగుతాయి, నడుమ నల్లగా మిగులుతుంది. దీన్ని ‘ఎంప్టీ డెల్టా’ గుర్తు అంటారు. ఒకసారి చూసిన వైద్య విద్యార్థి మరి మరిచిపోడు. దొరికితే తిరుగులేదు, దొరకనంత మాత్రాన గడ్డ లేదనీ కాదు.

ఎంఆర్‌ఐ అంతకంటే లోతుగా చూస్తుంది, కానీ అదీ ఒక మాయ చేస్తుంది. మొదటి నాలుగైదు రోజుల తాజా గడ్డ కొన్ని చిత్రాల్లో నల్లగా కనిపిస్తుంది. పారుతున్న రక్తం కూడా వాటిలో నల్లగానే కనిపిస్తుంది! అంటే రోగి తొలి రోజుల్లో వస్తే, మామూలు ఎంఆర్‌ఐ చూసి కాలువ తెరిచే ఉందనుకునే అవకాశముంది. వారం దాటాక గడ్డలోని హిమోగ్లోబిన్ మారిపోయి తెల్లగా బయటపడుతుంది. ఈలోపు పట్టుకోవాలంటే గడ్డలోని ఇనుమును నల్లటి మచ్చగా పెద్దది చేసి చూపే ఎస్‌డబ్ల్యూఐ చిత్రాలు కావాలి, రక్త ప్రవాహాన్నే చూపే ఎంఆర్ వీనోగ్రామ్ కావాలి. వీనోగ్రామ్‌లో పారుతున్న సిరలు వెలుగుతాయి, ఆగినచోట గీత తెగుతుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతిలో అయితే ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. అందుకే గర్భిణులకు ఇదే మేలు.

తెగిన ప్రతి గీతా గడ్డ కాదు. చాలామందిలో చెవి వెనక కాలువ, ముఖ్యంగా ఎడమవైపుది, పుట్టుకతోనే సన్నగా ఉంటుంది. వీనోగ్రామ్‌లో అది లేనట్టే కనిపిస్తుంది. లేని జబ్బుకు నెలల తరబడి రక్తం పలచబడే మందు వాడే ప్రమాదముంది. అందుకే వీనోగ్రామ్‌ను ఒంటరిగా కాకుండా మిగతా ఎంఆర్‌ఐ చిత్రాలతో కలిపి చదవాలి.

ఇదంతా యంత్రాల కథలా ఉన్నా, అసలు తేడా పడేది పరీక్ష రాసే చీటీ మీద. ‘సీటీ బ్రెయిన్’ అని రాస్తే టెక్నీషియన్ సీటీ బ్రెయినే తీస్తాడు. ‘పది రోజులుగా పెరుగుతున్న తలనొప్పి, కాన్పై పన్నెండు రోజులు, ఒకసారి ఫిట్స్, వీనోగ్రామ్ కూడా’ అని రాస్తే అదే సెంటర్లో మరో నిజం బయటికొస్తుంది. చేవెళ్ల మీదుగా బస్సులో హైదరాబాద్ వచ్చి, మళ్లీ అదే ప్లెయిన్ సీటీ తీయించుకుని తిరిగి వెళ్లడంలో అర్థం లేదు. డీ-డైమర్ అనే రక్త పరీక్ష కొంత సాయపడుతుంది. అది మామూలుగా వచ్చినా గడ్డ లేదని గట్టిగా చెప్పలేం, తలనొప్పి ఒక్కటే ఉన్నవాళ్లలో మరీను.

డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. 2012 డిసెంబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ కడుపు జబ్బుతో నీరసించి, స్పృహ తప్పి పడి తలకు దెబ్బ తగిలించుకున్నారు. తర్వాత మామూలు తనిఖీలో భాగంగా తీసిన ఎంఆర్‌ఐలో కుడి చెవి వెనక కాలువలో గడ్డ కనిపించింది. పక్షవాతం రాలేదు. రక్తం పలచబడే మందులతో కోలుకుని జనవరిలో విధుల్లో చేరారు. 2021లో కొవిడ్ టీకాల సమయంలో ఈ జబ్బు పేరు వార్తల్లో మోగిపోయింది. ఆస్ట్రాజెనెకా టీకా తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతూనే మెదడు సిరల్లో గడ్డలు కట్టడాన్ని నార్వే, జర్మనీ వైద్యులు గుర్తించారు. మన దేశంలో కొవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టే సమస్యలు పది లక్షల డోసులకు 0.61 చొప్పున వచ్చాయని ఆ ఏడాది మే నెలలో కేంద్రం చెప్పింది.

చికిత్సలో ఒక విడ్డూరముంది. మెదడులో రక్తం చిమ్మి ఉన్నా సరే, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇస్తారు. వినేవాళ్లకు అగ్గిలో నెయ్యి పోసినట్టే. రక్తం చిమ్మడానికి కారణం మూసుకున్న దారి కాబట్టి, దారి తెరుచుకుంటేనే అది ఆగుతుంది. 1991లో జర్మనీ వైద్యులు 20 మంది రోగులపై చేసిన చిన్న పరీక్షలో హెపారిన్ మేలు స్పష్టంగా కనబడటంతో మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు చర్మం కిందికి వేసే హెపారిన్ ఇంజెక్షన్లతో మొదలుపెట్టి, తర్వాత వార్ఫరిన్ లాంటి మాత్రలకు మారుస్తారు. కారణాన్ని బట్టి మూడు నెలల నుంచి ఏడాది దాకా వాడాలి, కొందరికి అంతకన్నా ఎక్కువ. మెదడు ఉబ్బి ప్రాణం మీదికొస్తే పుర్రె ఎముక కొంత తీసి చోటు కల్పించే ఆపరేషన్ చేస్తారు. చావు అంచుల్లోంచి లేచి నడిచి ఇంటికి పోయినవాళ్లున్నారు. 2004 నాటి అధ్యయనంలో పది మందిలో దాదాపు ఎనిమిది మంది పూర్తిగానో, చిన్నచిన్న ఇబ్బందులతోనో కోలుకున్నారు.

అసలు కష్టం ఇంటికొచ్చాక ఉంది. వార్ఫరిన్ వాడేవాళ్లు రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి, అది 2కూ 3కూ మధ్య ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు నడుస్తుంది. అలాగని గోంగూర, పాలకూర మానేయనక్కర్లేదు. ఒక వారం అసలు తినకుండా మరో వారం మూడుపూటలా తినకూడదు, అంతే. కీళ్ల నొప్పులని షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం. పరీక్షలు అక్కర్లేని డాబిగాట్రాన్ లాంటి కొత్త మాత్రలు వార్ఫరిన్‌కు తీసిపోవని 2019లో 120 మంది రోగులపై చేసిన పరీక్ష సూచించింది. పాలిచ్చే తల్లులకు మాత్రం హెపారిన్, వార్ఫరినే మేలు. వాటిని వాడుతూ బిడ్డకు నిశ్చింతగా పాలివ్వొచ్చు.

బాలింతగా ఈ జబ్బు చూసిన ఆడపిల్లకు మళ్లీ గర్భం వద్దని చుట్టాలు తీర్మానించేస్తారు. వైద్యులు అలా అనరు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు ఇక జన్మలో వాడొద్దంటారు. గర్భం వచ్చినట్టు తెలిసిన వెంటనే చెప్పమంటారు, అప్పటికి వార్ఫరిన్ వాడుతుంటే బిడ్డకు హాని కాబట్టి ఇంజెక్షన్లకు మారుస్తారు. నెలలు నిండేదాకా, కాన్పై ఆరు వారాలు గడిచేదాకా రోజూ పొట్ట చర్మం కింద చిన్న సూది. వెన్నులో మత్తు ఇవ్వాలంటే చివరి సూదికీ దానికీ మధ్య మోతాదును బట్టి 12 నుంచి 24 గంటల ఎడం ఉండాలి. ఆ గంటల లెక్క కోసమే కాన్పు ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో, ఏ రోజు అన్నది ఎనిమిదో నెలలోనే మత్తు డాక్టరుతో కూర్చుని మాట్లాడుకుంటారు.